ముఠా మొత్తం పడాలి

నేను కెమెరా పక్కన బతికినవాణ్ని. వెనక కాదు, పక్కన. వెనక ఉండేది ఛాయాగ్రాహకుడు. ఆయన పేరు తెర మీద పెద్దక్షరాల్లో పడుతుంది. పక్కన నిలబడి, మనిషి ముందుకొస్తే లెన్స్ చక్రాన్ని ఇటు, వెనక్కెళితే అటు తిప్పుతూ ఆ మొహం మసకబారకుండా కాపలా కాసేవాణ్ని ఫోకస్ పుల్లర్ అంటారు. ఆ పేరు తెర మీద ఎక్కడ పడుతుందో వెతుక్కునేలోపు జనం చెప్పులేసుకుని బయటికొచ్చేస్తారు. రీలు తిరిగే రోజుల్లో మొదలుపెట్టి, కార్డుల్లోకి బొమ్మలెక్కే రోజుల దాకా ఆ పనే చేశాను. మానేద్దామని నేననుకోలేదు, నా కళ్లే మానిపించాయి.

ఇప్పుడు చీరాలలో ఉంటున్నాను. ఆదివారం సాయంత్రం వాడరేవు వైపు వెళితే సముద్రం ఒడ్డున పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్లు తగులుతారు. నా సంగతి తెలిసినవాడు ఎవడో ఒకడు పట్టుకుంటాడు. "సార్, ఫోర్ కె కొనమంటారా, సిక్స్ కె కొనమంటారా? ఎయిట్ కె కూడా వచ్చిందంట కదా!" నాకు తిక్క రేగుతుంది. "ముందు ఫ్రేములో ఎవరున్నారో చూసుకోరా నాయనా, ఎన్ని కె అన్నది తర్వాత" అంటాను. ముసలాడికి చాదస్తం అనుకుని నవ్వుకుంటూ పోతారు. చాదస్తమే, కాదనను. అది నాకు ఎక్కడ పట్టుకుందో చెబుదామనే ఇప్పుడు కూర్చున్నాను.

అది చిన్న సినిమా. దర్శకురాలికి అదే మొదటిది. ప్రకాశం జిల్లా పొగాకు రైతు కూతురు. ఎన్నో గుమ్మాలెక్కి దిగి, చివరికి ఒక నిర్మాతని ఒప్పించుకుంది. ఛాయాగ్రాహకుడు సినిమా బళ్లో చదువుకొచ్చిన పిల్లాడు, నా కొడుకు వయసు, మాట తక్కువ. నన్ను "బాబాయ్‌గారూ" అనేవాడు. "బాబాయ్ అయినా అను, గారూ అయినా అను, రెండూ కలిపి ఎందుకయ్యా మొయ్యడం?" అంటే నవ్వి ఊరుకునేవాడు గానీ మానేవాడు కాదు. మా బస పిడుగురాళ్లలో. పొద్దున బయల్దేరితే సున్నపు బట్టీల తెల్లదుమ్ము, సాయంత్రం తిరిగొస్తే మిరప కళ్లాల ఎర్రదుమ్ము. నా జీవితంలో కెమెరాని అంత తుడిచిన రోజులు లేవు.

కథ మిరప కోతలకెళ్లే ఆడవాళ్లది. ఆఖరి షాటు ఇదీ: సాయంత్రం ఎండలో, కళ్లంలో, ఆడవాళ్లంతా ఒక వరసగా నిలబడి ఒకేసారి గంపలెత్తి మిరపకాయలు రాశి మీదికి ఎగరేస్తారు. ఆ కాయలు గాలిలో ఆగిపోయాయా అన్నంత నెమ్మదిగా దిగాలి. అక్కడితో సినిమా అయిపోతుంది. "ఈ షాటు ముందు రాసుకుని, తర్వాత మిగతా సినిమా రాశాను బాబాయ్" అనేది దర్శకురాలు. ఆ అమ్మాయి దగ్గరా నేను బాబాయినే, కాకపోతే గారూ లేదు.

కళ్లం అంటే తెలియని పట్నం పిల్లలకి చెప్పాలి కాబోలు. కోసిన మిరపకాయలు ఆరబోసే చదునైన నేల. పగలంతా పరిచి ఉంచి, పొద్దుగూకే ముందు రాశి చేసి పట్టాలు కప్పుతారు. మాకు దొరికిన కళ్లంలో రాశి ఒక చిన్న ఇల్లంత ఉంది. దాని రైతు మంచివాడే గానీ ఖచ్చితమైన మనిషి.

"ఇయ్యాల సాయంత్రమే మీది. రేపు పొద్దున్నే బస్తాలకెత్తి గుంటూరు యార్డుకి తోలేస్తన్నా. ఇంకోటి, రెండుసార్లే ఎగరెయ్యాల. మూడోసారి అంటే నేనొప్పుకోను. కాయ పగిలి గింజ రాలిందంటే యార్డులో మొహాన కొడతారు నాకు."

అద్దెకి తెచ్చిన కెమెరా కూడా మర్నాడే హైదరాబాదు వెళ్లిపోవాలి. అంటే ఆ సాయంత్రం తప్పితే ఆ షాటు లేదు, షాటు లేకపోతే ఆ అమ్మాయి సినిమాకి ముగింపు లేదు. ఈ సంగతి యూనిట్లో అందరికీ తెలుసు.

గంపలెత్తేవాళ్లలో మధ్యలో ఉండే అమ్మాయి ఒక్కతే నటి. మిగతా అందరూ నిజంగా ఆ పని చేసుకునేవాళ్లు, ఒకే ముఠా. ముఠా అంటే జట్టు. మిరప కోత కానీ, రంగు పోయిన తాలుకాయ ఏరడం కానీ, పత్తి తీయడం కానీ, ఒకే ఆటోలో కలిసొస్తారు, కలిసి పోతారు. వాళ్లకి పెద్ద మేస్త్రమ్మ. బలమైన మనిషి, అంతకంటే బలమైన గొంతు. ఆమె సరే అంటే అందరూ సరే అన్నట్టు. వచ్చిన మొదటి రోజే దర్శకురాలిని నిలబెట్టి అడిగింది.

"ఒక్క మాట పాపా. మా ముఠా మొత్తం పడాల. పోయినేడు టీవీవోళ్లొచ్చి పొద్దుగూకేదాకా మమ్మల్నందర్నీ ఎండలో తిప్పి, చివరికి ఎర్రగా బుర్రగా ఉన్న ఇద్దరు పిల్లల్నే చూపిచ్చారు. మా పెద్దమ్మ ఏమో ఊరంతా చెప్పుకుంది టీవీలో వస్తన్నానని. ఏదీ? రాలా. ఇప్పటికీ పిల్లకాయలు 'టీవీ అవ్వా, టీవీ అవ్వా' అని ఏడిపిస్తన్నారు."

పెద్దమ్మ ఆ వెనకే నిలబడి ఉంది. ముఠాలో అందరికంటే పెద్దది, సన్నగా వంగిన మనిషి. ఆ మాటకి అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు. దర్శకురాలు మేస్త్రమ్మ చేతిలో చెయ్యేసింది. "అందరూ పడతారు పిన్నీ. మాటిస్తున్నా."

ఆ సాయంత్రం రిహార్సల్ చూడముచ్చటగా జరిగింది. కెమెరాని కళ్లం ఈ చివర పెట్టాం. మా వెనక గట్టు, గట్టు దాటితే ఇంకొకరి పత్తిచేను. ఫ్రేములో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వరస మొత్తం సరిగ్గా సరిపోయింది. ఆడవాళ్లందరూ ఒకరి మీద ఒకరు పడుతూ మానిటర్లో తమని తాము చూసుకున్నారు. పెద్దమ్మ కుడివైపు కొసన నిలబడింది. బొమ్మలో తనెక్కడుందో వేలు పెట్టి చూపించేదాకా నమ్మలేదు. నమ్మాక కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లి తన చోట్లో నిలబడింది.

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి, మా గోల ఒకటుంది. కెమెరా లోపల బొమ్మ పడే పలకని సెన్సర్ అంటారు. మా కెమెరాలో ఆ పలక మొత్తం వాడితే సిక్స్ కె, అంటే ఆ కెమెరాలో అన్నిటికంటే పెద్ద బొమ్మ వస్తుంది. అయితే నెమ్మదిగా కనపడే బొమ్మ కావాలంటే కెమెరా చాలా వేగంగా, సెకనుకి మామూలుకంటే ఎన్నో రెట్లు బొమ్మలు తీయాలి. ఒక మనిషిని కళ్లం మొత్తం ఊడవమంటే శుభ్రంగా ఊడుస్తుంది. అంతసేపట్లోనే పదిసార్లు ఊడవమంటే నడిమధ్య కాస్త ఊడ్చి చీపురు అవతల పారేస్తుంది. కెమెరా కూడా అంతే. వేగం పెంచగానే పలక అంచులు వదిలేసి మధ్య ముక్క ఒక్కటే తీసుకుంటుంది. సిక్స్ కె కాస్తా టూ కె అవుతుంది. అది పోతే పోయింది. అదే లెన్స్, అదే చోటు అయినా, బొమ్మ ముందుకు జరిగినట్టై రెండు పక్కలా ఉన్నవి తెగిపోతాయి. క్రాప్ అంటాం దీన్ని. ఇది మాకు తెలియనిది కాదు, నిద్రలో లేపి అడిగినా చెబుతాం. కానీ ఆ సినిమాలో అప్పటిదాకా నెమ్మదిగా తీసినవన్నీ దగ్గర షాట్లే. చేతులు, గాజులు, కాయలు. అంచులు తెగినా అడిగే నాథుడు లేడు. ఆ అలవాటే మా కొంప ముంచింది.

రిహార్సల్ అయ్యాక వేగం మార్చాం. మార్చామో లేదో గాలి మా వైపు తిరిగింది. మిరప ఘాటు! అబ్బబ్బ, తలుచుకుంటే ఇప్పటికీ ముక్కు మండుతుంది. ఛాయాగ్రాహకుడి కళ్లు ధారలు కడుతున్నాయి. నాకు పొలమారి దగ్గు. తుమ్ములు తప్ప యూనిట్లో వేరే మాట లేదు. కళ్లు తుడుచుకుంటూ, ఫ్రేము మళ్లీ చూసుకోవాలన్న ధ్యాస ఇద్దరికీ లేక, కానిచ్చేశాం. దర్శకురాలు మైకులో "యాక్షన్" అంది. గంపలు లేచాయి. ఒకటి ముందూ ఒకటి వెనకా లేచినా, కాయలు మాత్రం ఎండలో దీపాల్లా వెలిగాయి. మేం చప్పట్లు కూడా కొట్టాం, సిగ్గు లేకుండా.

ఆడవాళ్లు మానిటర్ దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. బొమ్మ మొదలైంది. మేస్త్రమ్మ కాసేపు చూసి నా వైపు తిరిగింది.

"మా పెద్దమ్మేదయ్యా?"

కుడివైపు ఇద్దరు లేరు, ఎడమవైపు ఇద్దరు లేరు. ఇంకొకామెకి సగం గంప ఉంది, మనిషి లేదు. దర్శకురాలు ఛాయాగ్రాహకుడి వైపు చూసింది. అతను నా వైపు చూశాడు. నేను కెమెరా వైపు చూశాను. అది ఎవరి వైపు చూస్తుంది పాపం!

"క్రాప్ మేడమ్" అన్నాడు అతను గొంతు పెగుల్చుకుని. "మోడ్ మార్చాక ఫ్రేము చూసుకోలేదు."

"ఘాటు మేడమ్" అని నేనూ ఒక చెయ్యి వేశాను. అంతకంటే పనికిమాలిన సంజాయిషీ నా సర్వీసులో ఇచ్చుకోలేదు.

పెద్దమ్మ మానిటర్ దగ్గర్నుంచి మెల్లగా తప్పుకుని వెళ్లి గంప బోర్లించి దాని మీద కూర్చుంది. ఎవరైనా నాలుగు తిట్టినా బాగుండును అనిపించింది నాకు.

లెన్స్ మారుద్దామంటే ఉన్నవాటిలో వెడల్పుది అప్పటికే పెట్టి ఉంది. దగ్గరగా జరిపి నిలబెడదామంటే గంప ఊపడానికి చోటు చాలక మోచేతులు తగులుతున్నాయి. వేగం తగ్గించి పలక మొత్తం వాడొచ్చు గానీ, కాయలు గాలిలో ఆగవు, టపటపా పడిపోతాయి. పొద్దు చూస్తే రాశి వెనక్కి దిగుతోంది. దర్శకురాలు ఆ కంగారులో, "పిన్నీ, ఈ ఒక్కసారికీ ఆ చివరా ఈ చివరా ఉన్నవాళ్లు..." అని మొదలుపెట్టింది.

మాట పూర్తి కాలేదు. మేస్త్రమ్మ చేతిలో గంప కింద పెట్టేసింది. ఆ వెంటనే గంపలన్నీ కింద పడ్డాయి. టేకులో ఎత్తినప్పుడు మాత్రం అంత కలిసికట్టుగా లేవలేదు!

"వాళ్లు తప్పుకుంటే అందరం తప్పుకుంటాం పాపా. నువ్వు మాటిచ్చావు."

దర్శకురాలి కళ్లల్లో నీళ్లు ఘాటు వల్ల కాదు. కళ్లు తుడుచుకుని ఛాయాగ్రాహకుడితో అంది. "స్లో మోషన్ వద్దు. మామూలుగానే తీసెయ్యండి. అందరూ పడాలి." ఆ షాటు కోసమే సినిమా రాసుకున్న పిల్ల ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మేస్త్రమ్మకి మా భాష తెలియకపోయినా ఆ మొహం అర్థమైంది.

"ఏంది, ఏం పోగొట్టుకుంటన్నావు నువ్వు?"

దర్శకురాలు చెప్పింది. కాయలు గాలిలో నిలబడవని.

"మరి అందరం పడాల, కాయలూ నిలబడాల అంటే ఏం చెయ్యాలయ్యా?" అని నన్నడిగింది.

"వెనక్కి జరగాలమ్మా. ఎక్కడికి జరుగుతాం? వెనకాల పత్తిచేను."

"అంతేనా!" అని గట్టెక్కి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కేకేసింది. "అన్నా! ఓ అన్నా!"

ఆ చేను ఒక సాయిబుది. ఊళ్లో ఆయనకి అందరితో ఏదో ఒక వరస ఉంది. మా తమాషా చూస్తూ అవతల గట్టు మీద కూర్చున్నవాడు తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు.

"నీ చేల్లో కాస్త చోటు కావాలంట అన్నా, మా సినిమావోళ్లకి."

"ఎంత?"

నేను రెండు చేతులూ బార్లా చాపి చూపించాను.

"అమ్మో! అందులో పత్తి ఉంది, ఆఖరి తీత."

"ఎల్లుండి తీతకి రావాల్సింది మేమేగా! ఆ నాలుగు సాళ్లు ఇప్పుడే తీసిస్తాం. ఎండిన పత్తికట్టె గూడా పీకేస్తాం, నీకా పనీ తప్పుద్ది."

ఆయన గడ్డం గోక్కున్నాడు. దర్శకురాలి వైపు తిరిగి, "సినిమా పేరేందమ్మా?" అన్నాడు.

"ఇంకా పెట్టలేదండి."

"పేరు పెట్టకుండానే ఇంత గోలా! సరే కానీయండి" అని ముందు తనే చేల్లోకి దిగాడు.

ఆడవాళ్లు గట్టు దాటబోతుంటే మేస్త్రమ్మ అరిచింది. "చేతులు కడుక్కోండే! మిరప చేతులతో ముడితే అన్న పత్తి ఎర్రబడుద్ది." అందరూ నీళ్ల డ్రమ్ము దగ్గరికి పరుగెత్తి, మోచేతుల దాకా కడుక్కుని, కొంగులు ఒడి కట్టుకుని సాళ్లలోకి దిగారు. ఇక చూడండి! రెండు చేతులూ రెండు కొమ్మల మీద, కళ్లు మూడో కొమ్మ మీద. వాళ్లు పత్తి తీసుకుంటూ ముందుకు పోతుంటే, వెనకాలే సాయిబూ, లైటు కుర్రాళ్లూ, ఛాయాగ్రాహకుడూ, నేనూ, చివరికి దర్శకురాలూ, నటీ కట్టె పీకుతున్నాం. ఎండిన పత్తికాయ మొన ఎంత పదునుగా ఉంటుందో మా అరచేతులకి ఆ రోజు తెలిసింది. పెద్దమ్మ కూడా లేచొచ్చి ఒక సాలు అందుకుంది. ఆమెకి ఎవరూ చోటు చూపించలేదు, ఎవరూ వద్దనలేదు.

నేను ఎన్నో సెట్లు చూశాను. అద్దాల మేడలు, పూల తోటలు. మా కెమెరా నిలబడ్డానికి మనుషులు చేలో చోటు చేసిపెట్టడం మాత్రం అక్కడే చూశాను. మేం చేసిన పొరపాటుకి వాళ్లు వంగి పనిచేశారు. ఆ ముఠాకి నేను రుణపడి ఉన్నాను, ఇందులో దాపరికం లేదు.

ఈసారి ముందు మోడ్ మార్చి, తర్వాతే ఫ్రేము పెట్టాం. అంచు నుంచి అంచుకి ఛాయాగ్రాహకుడు ఒకసారి, నేను ఒకసారి చూశాం. పెద్దమ్మ అక్కణ్నుంచి కేకేసింది. "కనపడతన్నానా?"

"కనపడతన్నావు పెద్దమ్మా! ఆ కొంగు సర్దుకో!"

ఇంకో చిక్కు వచ్చింది. కెమెరా దూరమైంది. మొదటిసారి గంపలు ఎగుడుదిగుడుగా లేచాయని దర్శకురాలు మథనపడుతోంది. ఇక ఉన్నది ఒక్క అవకాశం. మేస్త్రమ్మే దారి చూపింది. "నీ ఇంగ్లీషు కేకకి మా చేతులు లేవవు పాపా. నేను పలుకుతా. వరసలో నిలబడితే కొసనున్నోళ్లకి నేను కనపడను, ఇక్కడ మీ పక్కన నిలబడతా." అలా వచ్చి కెమెరా పక్కన, పీకేసిన పత్తికట్టె మీద, నాకు ఆనుకుని నిలబడింది. వరసలో ఆమె ఖాళీని పక్కవాళ్లు సర్దుకున్నారు. అంటే ఏమిటో మాలో ఎవరికీ తట్టలేదు. ఆమెకి తట్టిందో లేదో నేను అడగలేదు.

మాతో సౌండ్ రికార్డు చేసే ఆయన ఒకడున్నాడు. నా ఈడువాడు. ఆయనకీ నాకూ ఉప్పూ నిప్పూ. మైకు కర్ర ఫ్రేములోకి వస్తోందని నేను, నీ కెమెరా గురగుర నా చెవుల్లోకి వస్తోందని ఆయన. కెమెరా వేగంగా తీసేటప్పుడు శబ్దం తీసుకోదు. అందుకని అలాంటి షాట్లప్పుడు ఆయన్ని "నీకు పని లేదు, పోయి టీ తాగు" అని పంపేసేవాళ్లం. ఆ రోజు కూడా నేనే పంపాను, కాస్త వెటకారంగా.

గాలి పడింది. ఎండ రాశి మీద నుంచి ఏటవాలుగా మా మీదికొస్తోంది. ఛాయాగ్రాహకుడు తలూపాడు. మేస్త్రమ్మ ఊపిరి పీల్చుకుంది.

"ఆఁ... పట్టండే... ఎత్తండే... పొయ్యండేయ్!"

ఆ గొంతుకి నా వెన్ను నిటారైంది. గంపలన్నీ ఒక్క చేతిలా లేచాయి. ఎర్రని కాయలన్నీ ఒక్కసారి ఆకాశంలోకి వెళ్లి, ఎండ తగిలి, రాలాయి. నా వేళ్లు చక్రం మీద ఉన్నాయి, కళ్లు వరస మీద ఉన్నాయి, ఊపిరి ఎక్కడుందో తెలియదు.

"కట్" అనగానే అందరూ మానిటర్ మీద పడ్డారు. బొమ్మ నెమ్మదిగా విప్పుకుంది. కాయలు గాలిలో నిలబడ్డాయి. ఒక్కొక్కరూ కనపడ్డారు. కుడి కొసన పెద్దమ్మ, గంప ఎత్తిన చేతుల కింద నవ్వుతున్న మొహం. "అదిగో టీవీ అవ్వ!" అని ఎవరో అంటే ఈసారి ఆమే ముందు నవ్వింది.

అంతలో పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. "మరి ఇదేదీ? మా మేస్త్రి?"

అందరూ మేస్త్రమ్మ వైపు తిరిగారు. దర్శకురాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాట అడిగిన మనిషి ఒక్కతే ఫ్రేము బయట మిగిలిపోయింది. ఇంకొకసారి తీద్దామంటే రైతు ముందే చెప్పాడు, పైగా పొద్దు వాలిపోయింది.

మేస్త్రమ్మ మాత్రం తేలిగ్గా తీసేసింది. "నేనెక్కడికి పోతానే? కేకేసింది నేనేగా! నా గొంతు ఉంటది అందులో. ఏదయ్యా, సౌండు పెంచు ఒకసారి" అని వంగి మానిటర్‌కి చెవి ఆనించింది.

అందులో ఏముంటుంది? నిశ్శబ్దం. నేను చెప్పాలి. ఈ పద్ధతిలో కెమెరాకి చెవులుండవమ్మా అని నేనే చెప్పాలి, ఎందుకంటే అడిగింది నన్ను. చెప్పకుండా లెన్స్ తుడవడం మొదలుపెట్టాను.

వెనక పత్తి సాళ్లలో కట్టెలు చిటపటలాడాయి. సౌండాయన లేచి నిలబడ్డాడు. చేతిలో మైకు, ప్యాంటు నిండా పత్తి పింజలు. టీ తాగడానికి వెళ్లనే లేదు. మేస్త్రమ్మ వెనక సాల్లో గొంతుక్కూర్చుని, మా ఎవరికీ చెప్పకుండా, తన మిషన్‌లో ఆ కేకని పట్టుకున్నాడు. నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకి నేను అర్హుణ్నే. ఆ క్షణంలో ఆయన కాళ్లకి మొక్కమన్నా మొక్కేవాణ్ని.

"ఇలాంటి గొంతు ఎదురుగా ఉంటే వదిలి టీకి ఎలా పోతానండీ?" అని, తన చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి ఆమె తలకి, కొంగు మీద నుంచే తగిలించి, మీట నొక్కాడు.

మేస్త్రమ్మ కళ్లు పెద్దవయ్యాయి. రెండు చేతులతో వాటిని చెవులకి అదుముకుంది.

దర్శకురాలు సౌండాయనతో అంటోంది, "ఆ షాటు మీద సంగీతం వద్దు. ఇంకేమీ వద్దు. ఈ గొంతు ఒక్కటే పెడదాం."

ఆ మాట మేస్త్రమ్మకి వినపడలేదు. చెవులు మూసుకుపోయి ఉన్నాయి కదా, తనెంత గట్టిగా మాట్లాడుతోందో కూడా ఆమెకి తెలియదు. ఊరి దాకా వినపడేలా అరిచింది.

"ఒసేయ్! ఇందులో ఉన్నానే! నేనూ పడ్డానే!"